మొక్కల కణములలో ఆక్సిజన్ మోయు వార్తలు

మన పెద్దలు ఆక్సిజన్‌కు ప్రాణవాయువు అని పేరు పెట్టిరి. ఆ పేరు సార్థకమే. శ్వాస ఆడినంత కాలము ప్రాణము నిలుచును, ఆగినచో పోవును. అయినను ఈ వాయువునకు మరియొక ముఖము కలదు. ఆరుబయట విడిచిన ఇనుప మేకు తుప్పు పట్టుటకు, కోసి ఉంచిన వంకాయ ముక్క నల్లబడుటకు, నిలువ ఉన్న నూనె వాసన మారుటకు కారణము ఈ ప్రాణవాయువే. బ్రతికించు వాయువే చెరుపును కూడ చేయుచున్నది.

జంతువులకంటె మొక్కలకు ఈ చిక్కు మరింత దగ్గరిది. జంతువు ఆక్సిజన్‌ను బయటినుండి పీల్చుకొనును. మొక్క పగటివేళ దానిని తన ఆకులలోనే తయారుచేయుచున్నది. ఎండ మండిపోవుచున్నపుడు నీడకు పోవుటకు దానికి కాళ్ళు లేవు. తెగులు సోకినపుడు వైద్యునికి కబురు పంపుటకు నోరు లేదు. నిలిచిన చోటనే నిలిచి, వచ్చిన ఆపదను గుర్తించి, ఆ సంగతిని ఒక కణమునుండి మరియొక కణమునకు తెలిపి, తనను తాను కాపాడుకొనవలెను. ఈ కార్యమునకు మొక్క ఎన్నుకొన్న దూతలలో ముఖ్యమైనవి ఆక్సిజన్ నుండి పుట్టిన కొన్ని చురుకైన అణువులు. వీనిని క్రియాశీల ఆక్సిజన్ అణువులు అందుము.

చాలకాలము శాస్త్రజ్ఞులు వీనిని కేవలము విషములుగా ఎంచిరి. నేడు ఆ అభిప్రాయము మారినది. ఒకే అణువు ఒకచోట విషముగను, మరియొకచోట వార్తగను ఎట్లు పనిచేయుచున్నదో వివరించుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ఈ అణువులు ఏవి?

ఆక్సిజన్ అణువులో జతలేని ఎలక్ట్రానులు రెండు కలవు. ఈ కారణమున అది ఎలక్ట్రానులను జంటగా గాక ఒకదాని తరువాత ఒకటిగా స్వీకరించును. నాలుగు ఎలక్ట్రానులు చేరి, తగిన ప్రోటానులు కూడినపుడు అది నీరగును. నీటికి ముందున్న మెట్లే మన కథకు ముఖ్యము. ఒక ఎలక్ట్రాను చేరినచో సూపరాక్సైడు ఏర్పడును. రెండు చేరినచో హైడ్రోజన్ పెరాక్సైడు, మూడు చేరినచో హైడ్రాక్సిల్ రాడికల్ ఏర్పడును. ఇవి గాక సింగ్లెట్ ఆక్సిజన్ అను నాలుగవ రూపము కూడ కలదు. ఇందులో ఎలక్ట్రాను చేరదు. వెలుతురును గ్రహించిన పత్రహరితము తన అధిక శక్తిని ఆక్సిజన్‌కు అందించినపుడు ఇది పుట్టును.

ఈ నాలుగింటి స్వభావము ఒకటి కాదు. హైడ్రాక్సిల్ రాడికల్ అన్నింటికంటె ఉగ్రమైనది. దాని ఆయుర్దాయము సెకనులో వంద కోట్లవ వంతులలో లెక్కింపవలసినది. పుట్టిన చోటనే ఏది దొరికిన దానిని తాకి నశించును. సూపరాక్సైడు, సింగ్లెట్ ఆక్సిజన్ కూడ అల్పాయుష్కములే. వాని ఆయుర్దాయము సెకనులో పదిలక్షవ వంతుల లెక్కలోనిది. హైడ్రోజన్ పెరాక్సైడు మాత్రము కొంత నిదానమైనది. దానికి విద్యుదావేశము లేదు. కావున కణత్వచమునందు నీరు పోవు ప్రోటీను ద్వారములగుండ అదియు దాటిపోగలదు. దూతకు కావలసిన లక్షణములు దీనియందే ఎక్కువగా ఉన్నవి.

ఈ హైడ్రోజన్ పెరాక్సైడు మనకు క్రొత్తది కాదు. ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు థెనార్ 1818లో దీనిని కనుగొనెను. గాయములు కడుగుటకు మందుల దుకాణములో అమ్మెడి నురుగుమందు దీని పలుచని ద్రావణమే.

విషమను అభిప్రాయము ఎట్లు కలిగినది?

ఆకుపచ్చని ఆకునందు ఈ అణువులు పుట్టుట సహజము. హరితరేణువులో వెలుతురు వలన కదలిన ఎలక్ట్రానులలో కొన్ని తమ దారి తప్పి ఆక్సిజన్‌ను చేరును. వెలుతురు సోకిన హరితరేణువులలో ఈ విధముగ హైడ్రోజన్ పెరాక్సైడు పుట్టునని మెహ్లర్ 1951లో చూపెను. మైటోకాండ్రియాలలోను, పెరాక్సీసోములలోను కూడ ఇవి తయారగును. ఎండ ఎక్కువై, నీరు తక్కువై, కిరణజన్య సంయోగక్రియ కుంటుపడినపుడు వీని ఉత్పత్తి పెరుగును.

పెరిగినపుడు కీడు తప్పదు. త్వచములలోని కొవ్వులు చెడును, ప్రోటీనులు పాడగును, జన్యుపదార్థము దెబ్బతినును. పేరాక్వాట్ అను కలుపుమందు పనిచేయు విధానమే ఇందుకు నిదర్శనము. అది హరితరేణువులోని ఎలక్ట్రానులను లాగికొని ఆక్సిజన్‌కు అందించి, ఎడతెగక సూపరాక్సైడును పుట్టించును. వెలుతురున్నచో కొన్ని గంటలలోనే ఆకులు వాడి మాడిపోవును.

ఈ కీడును అదుపులో ఉంచుటకు మొక్కయందు గొప్ప ఏర్పాటు కలదు. సూపరాక్సైడును హైడ్రోజన్ పెరాక్సైడుగా మార్చు ఎంజైమును మెకార్డ్, ఫ్రిడొవిచ్ అనువారు 1969లో వెల్లడించిరి. దానికి సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అని పేరు. హైడ్రోజన్ పెరాక్సైడును నీరుగను, ఆక్సిజన్‌గను విడగొట్టు ఎంజైము కేటలేజ్. హరితరేణువులో ఈ పనిని విటమిన్ సి, గ్లూటాథయోను అను రెండు పదార్థములు ఒక చక్రముగా తిరుగుచు నెరవేర్చును. ఫోయర్, హాలివెల్ 1976లో ఈ చక్రమును ప్రతిపాదించిరి. ఆకుకూరలలో విటమిన్ సి సమృద్ధిగా ఉండుటకు ఇది యొక కారణము.

కేటలేజ్ పనిని మన ప్రయోగశాలలోనే చూడవచ్చును. పచ్చి బంగాళాదుంప ముక్కపై నురుగుమందు కొన్ని చుక్కలు వేసినచో వెంటనే బుడగలు లేచును. ఆ బుడగలు ఆక్సిజన్. అదే దుంపను బాగుగా ఉడికించి చల్లార్చి చూచినచో బుడగలు రావు. వేడికి ఎంజైము చెడినది. ఈ చిన్న ప్రయోగమునకు పెద్ద పరికరములు అక్కరలేదు.

ఇంతవరకు చూచినచో కథ సులభముగ తోచును. ఆక్సిజన్ అణువులు శత్రువులు, ఎంజైములు రక్షకభటులు. కాని ఈ కథకు లొంగని సాక్ష్యములు ఒక్కటొక్కటిగా బయటపడసాగినవి.

మొక్క తానే తయారుచేయుచున్నది

మొదటి సాక్ష్యము బంగాళాదుంపనుండియే వచ్చినది. 1845లో ఐర్లండు దేశమున మహాక్షామమునకు కారణమైన ఆకుమాడు తెగులు క్రిమి ఫైటోఫ్తొరా ఇన్‌ఫెస్టన్స్. జపాను శాస్త్రజ్ఞుడు డోకే 1983లో ఈ క్రిమిని దుంపకణములపై ప్రయోగించి చూచెను. తెగులును ఎదిరింపగల జతలలో దుంపకణములు తామే సూపరాక్సైడును విడుదల చేయుచుండెను. తెగులుకు లొంగు జతలలో ఆ విజృంభణ కనబడలేదు. విషమే అయినచో, ఎదిరించు మొక్క దానిని తయారుచేయుట ఏల?

ఈ తయారీకి కారణమైన ఎంజైము కణత్వచమునందు కలదు. మన రక్తములోని తెల్లకణములు సూక్ష్మజీవులను చంపుటకు వాడు ఆక్సిడేజ్ ఎంజైమునకు ఇది దగ్గరి బంధువు. మొక్కలలో దీనిని ఆర్‌బిఓహెచ్ అను పొడి అక్షరములతో పిలుతురు. ఆవ కుటుంబమునకు చెందిన అరబిడాప్సిస్ అను చిన్న మొక్క పరిశోధకులకు అత్యంత పరిచితము. దానియందు ఈ ఎంజైమునకు జన్యువులు 10 కలవు. కేవలము పొరపాటున పుట్టెడి విషమునకు ఏ జీవియు పది జన్యువులను పోషింపదు.

1994లో సోయా చిక్కుడు కణములపై జరిగిన పరిశోధన ఇంకొక మెట్టు ముందుకు పోయినది. తెగులు సోకిన కణమునందు హైడ్రోజన్ పెరాక్సైడు ఎక్కువగా ఉబికి, ఆ కణము మరణమునకు దారి తీసినది. ప్రక్క కణములకు అదియే తక్కువ మోతాదులో చేరి, వానియందు రక్షణ జన్యువులను మేల్కొల్పినది. ఒకే అణువు ఒకచోట మరణమునకు, పది అడుగులైన లేని దూరమున రక్షణకు కారణమైనది. పొయ్యిలోని నిప్పు అన్నము వండును, కప్పుమీది నిప్పు ఇల్లు కాల్చును, నిప్పు ఒకటే.

ఈ ఎంజైములను తొలగించినచో మొక్క సుఖపడునా? అరబిడాప్సిస్‌లో రెండు ముఖ్యమైన జన్యువులను పనిచేయకుండ చేసి 2002లో పరీక్షించిరి. తెగులు సోకినపుడు కనబడవలసిన ఆక్సిజన్ అణువుల విజృంభణ దాదాపు మాయమైనది. మొక్క మాత్రము బలపడలేదు. సాధారణమైన మొక్కకంటె చిన్నదిగా మిగిలినది.

వార్త చేయు పనులు

మొదటిది నీటి పొదుపు. ఆకులపై పత్రరంధ్రములు కలవు. ఒక్కొక్క రంధ్రమునకు ఇరువైపుల రెండు రక్షక కణములు తలుపు రెక్కలవలె నిలిచియుండును. నేల ఎండినపుడు అబ్సిసిక్ ఆమ్లము అను హార్మోను ఈ కణములను చేరును. అప్పుడు రక్షక కణము తన ఆక్సిడేజ్ ఎంజైములతో క్రియాశీల ఆక్సిజన్ అణువులను తయారుచేయును. హైడ్రోజన్ పెరాక్సైడు కణత్వచములోని కాల్షియము ద్వారములను తెరచునని 2000లో నిరూపింపబడినది. కాల్షియము లోనికి వచ్చును. తదుపరి పొటాషియము, దానితోపాటు నీరు బయటికి పోవును. బిగువు తగ్గిన రక్షక కణములు వాలి రంధ్రమును మూయును. పైన చెప్పిన రెండు జన్యువులు లోపించిన మొక్కలలో అబ్సిసిక్ ఆమ్లము వచ్చినను తలుపు సరిగా మూతపడదు. ఈ విషయమును 2003లో కనుగొనిరి. వాన జాడలేని పొలములో పైరు ఎన్ని దినములు నిలుచునో నిర్ణయించు సంగతులలో ఈ తలుపు మూత యొకటి.

ఈ పరిశోధనలో మన హైదరాబాదునకు కూడ పాత్ర కలదు. హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు చెందిన ఆచార్య ఏ. ఎస్. రాఘవేంద్రగారు, వారి శిష్యురాలు సుహిత, విదేశీ సహచరులతో కలిసి 2004లో ఈ వార్త నడచు వరుసను పరిశీలించిరి. హార్మోను వచ్చినపుడు ముందుగా రక్షక కణద్రవము యొక్క క్షారత్వము పెరుగును. ఆ పిమ్మటనే ఆక్సిజన్ అణువులు పుట్టును అని వారు తెలిపిరి. ఏది ముందు, ఏది వెనుక అను ప్రశ్న చిన్నదిగా కనబడును. కాని వార్తాహరుల వరుస తెలియనిదే ఆ వార్తకు అర్థము తెలియదు.

రెండవది పెరుగుదల. వేరు కొనకు పైభాగమున సన్నని మూలకేశములు నీటిని, లవణములను గ్రహించును. వీని పెరుగుదలకు ఒక ఆక్సిడేజ్ ఎంజైము అవసరమని, అది పుట్టించు ఆక్సిజన్ అణువులు కాల్షియము ద్వారములను తెరచుచున్నవని 2003లో తెలిసినది. ఆ ఎంజైము లోపించిన మొక్కలో మూలకేశములు కురుచగా నిలిచిపోవును. తెగులు లేదు, కరవు లేదు, గాయము లేదు. కేవలము పెరుగుటకే ఈ అణువులు కావలసివచ్చినవి. వీనిని ఆపదకు మాత్రమే చెందిన గుర్తులని తలచరాదనుటకు ఇదియే తార్కాణము.

మూడవది దూరవార్త. మొక్కకు నాడులు లేవు. అయినను ఒక ఆకుకు గాయమైనచో దూరముననున్న ఆకులు ఆ సంగతి ఎరుగును. దీనిని చూచుటకు పరిశోధకులు మిణుగురు పురుగునుండి గ్రహించిన జన్యువును అరబిడాప్సిస్‌లో చేర్చిరి. ఆక్సిజన్ అణువుల వార్త అందిన చోట మొక్క వెలుగునట్లు ఏర్పాటు చేసిరి. ఒక ఆకును గాయపరచగా ఆ వెలుగు ఇతర భాగములకు వ్యాపించినది. దాని వేగము నిమిషమునకు 8.4 సెంటీమీటర్ల వరకు ఉన్నదని 2009లో ప్రకటించిరి. గాయమునకే గాక వేడికి, చలికి, తీవ్రమైన వెలుతురునకు, ఉప్పునకు కూడ ఈ అల పుట్టినది.

ఇంత స్వల్పాయుష్కములైన అణువులు ఇంత దూరము ఎట్లు ప్రయాణించినవి? ప్రయాణించినవి అణువులు కావు, వార్త మాత్రమే. పూర్వము ఒక ఊరి డప్పు విని ప్రక్క ఊరివాడు తన డప్పు తాను కొట్టెడివాడు. వార్త పది ఊళ్ళు దాటెడిది, డప్పు మాత్రము కదలలేదు. కణముల తీరు కూడ ఇట్టిదే. ఒక కణము వెలుపల పుట్టిన హైడ్రోజన్ పెరాక్సైడును ప్రక్క కణము గుర్తించును. దానిలోనికి కాల్షియము వచ్చును. ఆ కాల్షియము ఆ కణపు ఆక్సిడేజ్ ఎంజైమును మేల్కొల్పును. ఆ ఎంజైము క్రొత్తగా ఆక్సిజన్ అణువులను పుట్టించును. ఇట్లు ఒకదాని తరువాత ఒకటిగా మొక్క అంతయు మేల్కొనును.

వార్తను వినువారు ఎవరు?

తెలుగులో వార్త యన్నను, ఉర్దూలో పైగాం అన్నను, పంపువాడు ఒకడే చాలడు. వినువాడు కూడ ఉండవలెను. హైడ్రోజన్ పెరాక్సైడును కణము ఎట్లు వినును? ప్రోటీనులలో సిస్టీను అను అమైనో ఆమ్లము కలదు. దానియందు గంధకము ఉన్నది. హైడ్రోజన్ పెరాక్సైడు ఈ గంధకమును తాకి ఆక్సీకరించును. రెండు సిస్టీనులు ఒకదానితో ఒకటి బంధము కట్టవచ్చును. అప్పుడు ప్రోటీను ఆకారము మారును. ఆకారముతోపాటు పని మారును. వార్త ముగిసిన పిమ్మట ఆ బంధమును విప్పి ప్రోటీనును పూర్వస్థితికి తెచ్చు ఏర్పాట్లు కూడ కణమునందు కలవు. గొళ్ళెము వేయుట, తీయుట వంటిది ఈ మార్పు. హైడ్రాక్సిల్ రాడికల్ చేయు విధ్వంసమునకు, దీనికి ఉన్న భేదము ఇదే. అది తలుపునే విరుగగొట్టును, ఇది గొళ్ళెమును మాత్రము కదలించును.

కణము వెలుపలి హైడ్రోజన్ పెరాక్సైడును వినెడి ప్రోటీను ఒకటి 2020లో దొరికినది. దాని పేరు హెచ్‌పిసిఏ1. ఇది కణత్వచమునందు నిలిచి, తన వెలుపలి భాగములోని సిస్టీనుల ద్వారా పెరాక్సైడును గుర్తించి, లోపల కాల్షియము ద్వారములను తెరపించును. పైన చెప్పిన దూరవార్త అల వ్యాపించుటకు కూడ ఈ ప్రోటీను అవసరమని 2022లో తెలిసినది.

మరణమా? ఆజ్ఞయా?

ఇన్ని సాక్ష్యములున్నను ఒక సందేహము మిగులును. ఈ అణువులు ఎక్కువై కణములు చనిపోయినపుడైనను అది కేవలము విషప్రభావమే కదా? ఈ ప్రశ్నకు సమాధానమిచ్చిన ప్రయోగము మిక్కిలి ఆలోచింపదగినది.

అరబిడాప్సిస్‌లో ఫ్లూ అను పేరుగల ఉత్పరివర్తనము కలదు. పత్రహరితము తయారీలో ముందుమెట్టు పదార్థము ఒకటి చీకటిలో అదుపు లేక ఈ మొక్కయందు పేరుకొనిపోవును. మరల వెలుతురులోనికి తెచ్చినంతనే ఆ పదార్థము సింగ్లెట్ ఆక్సిజన్‌ను పుట్టించును. లేతమొలకలు తెల్లబారి చనిపోవును. చూచినవారెవరైనను విషము చంపినదనియే అందురు. కాని ఎగ్జిక్యూటర్1 అను మరియొక జన్యువును కూడ పనిచేయకుండ చేసి 2004లో పరీక్షింపగా ఆశ్చర్యకరమైన ఫలితము వచ్చినది. సింగ్లెట్ ఆక్సిజన్ అంతే పుట్టినది. మొలకలు మాత్రము చావలేదు, పచ్చగా పెరిగినవి. అనగా ఆ మొలకలను చంపినది సింగ్లెట్ ఆక్సిజన్ యొక్క నేరుదెబ్బ కాదు. ఆ అణువు ఒక వార్తను పంపినది. వార్తను విని మొక్క తన జన్యువుల ద్వారా మరణమును తానే అమలుపరచినది. వినువాడు లేనపుడు మరణమును లేదు.

దీనినిబట్టి ఈ అణువులకు విషప్రభావమే లేదని అర్థము చేసికొనరాదు. మోతాదు మితిమీరినచో అవి నిజముగనే కణములను ధ్వంసము చేయును; పేరాక్వాట్ ఇందుకు సాక్షి. అణువు పేరు చూచి విషమా, వార్తయా అని తీర్పు చెప్పరాదు. ఎంత పుట్టినది, ఎక్కడ పుట్టినది, ఎంతసేపు నిలిచినది, ఎవరు విన్నారు అను నాలుగు ప్రశ్నలకు సమాధానము చూచి చెప్పవలెను. కేటలేజ్ మొదలగు ఎంజైముల పాత్ర కూడ ఈ దృష్టితో చూచిన మారును. అవి కేవలము శత్రువును చంపు భటులు కావు. వార్త చేరవలసిన చోటికి చేరి, పని ముగిసిన వెంటనే ఆగిపోవునట్లు చూచు నియామకులు. ఆగని వార్త వార్త కాదు, గోల.

ఫలితార్థము

ఈ జ్ఞానము వలన ప్రయోజనమేమి అని పాఠకులు అడుగవచ్చును. కరవును, వేడిని, తెగుళ్ళను తట్టుకొను వరి, వేరుశనగ, కంది రకములు మన ప్రాంతమునకు ఎంత అవసరమో వేరుగ చెప్పనక్కరలేదు. ఆక్సిజన్ అణువులను పూర్తిగ తుడిచివేయు మొక్కను తయారుచేసినచో అది ఆపదను గుర్తింపజాలదు. వేరును సరిగా పెంచజాలదు. వానిని అదుపు లేక పుట్టించు మొక్క తనను తానే కాల్చుకొనును. త్వరగా పిలుపందుకొని త్వరగా శాంతించు మొక్కయే రైతుకు మేలైనది. సంకరణము చేయువారు వెదకవలసినది ఈ సమతూకమును.

ఇట్లే నేడు అంగళ్ళలో యాంటీ ఆక్సిడెంటు అను మాట మిక్కిలి వినబడుచున్నది. ఆక్సీకరణము చెడ్డది, దానిని అడ్డగించునది యేదైనను మంచిది అను భావము జనులలో నాటుకొనినది. ఎన్నో కోట్ల సంవత్సరములుగా ఆక్సిజన్‌తో కాపురము చేయుచున్న మొక్క ఈ భావమును అంగీకరించుట లేదు. అది ఆ నిప్పును ఆర్పివేయలేదు. పొయ్యిలో పెట్టి వంటకు వాడుకొన్నది. విజ్ఞానశాస్త్ర విద్యార్థులైన మా సోదర సోదరీమణులు ఏ పదార్థమునైనను మంచిది, చెడ్డది అని ఒక్క మాటలో తేల్చక, ఎంత, ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి అని ప్రశ్నించు అలవాటు చేసికొందురని ఆశించుచున్నాము.